తేనెటీగ వైపు

ఎర్సీలియా ఇక ఎక్కువ కాలం ఉండదన్న సంగతి ఆ చెరకు తోటల దారిలో ఉన్న ఇళ్ళన్నిటికీ తెలుసు. అందరికంటే ముందు తెలిసింది ఎర్సీలియాకే. రాచపుండు క్లోమానికి పట్టింది. మందు ఎక్కించుకున్నన్నాళ్ళు ఎక్కించుకుని, జుట్టుతోపాటు నాలుక మీద రుచీ ముక్కులో వాసనా కూడా పోయాక, "ఇంక చాలు, నన్ను ఇంటికి తీసుకుపోండి" అని వచ్చేసింది. వానాకాలం దాటడం కష్టమన్నాడు డాక్టరు. కోడలు టీగన్‌కి నెలలు నిండేదీ ఆ వానాకాలంలోనే. ముందు చావు వస్తుందో పురుడు వస్తుందో చెప్పగల మొనగాడు ఏ ఆసుపత్రిలోనూ లేడు గనక, ఎర్సీలియా ఎవరినీ అడగలేదు. కొడుకు చేత కోళ్ళు కోయించి చారు కాయడం మొదలుపెట్టింది.

వాళ్ళ పద్ధతిలో బాలింతకి నలభై రోజులు ముసలి పెట్ట చారు పట్టాలి. వాళ్ళు దాన్ని బ్రోదో అంటారు. గుడ్లు మానేసిన పెట్టని ఉల్లిపాయ, కారెట్టు, సెలరీ కాడలు వేసి సన్న సెగ మీద ఒక పూటంతా కాస్తారు. చివర్లో, గీకగా గీకగా మిగిలిన గట్టి జున్ను పెచ్చు, అంటే చీజ్ మీది తొక్క, ఒకటి అందులో పడేస్తారు. ఆ పెచ్చు పడకపోతే అది బ్రోదో కాదు, కోడిని కడిగిన నీళ్ళు అనేది ఎర్సీలియా. ఇటలీ కొండల్లో పుట్టి, పెళ్ళికూతురిగా ఓడెక్కి, ఉత్తర క్వీన్స్‌లాండ్ చెరకు మళ్ళలో దిగిన మనిషి. వచ్చి యాభై ఏళ్ళు పైబడింది. ఎండా వానా పాములూ అన్నీ అలవాటయ్యాయి గానీ, జున్ను పెచ్చు విషయంలో మాత్రం ఎవరి మాటా వినేది కాదు.

టీగన్ మిల్లులో చెరకు రైలు నడుపుతుంది. తల్లి మొహం ఎరగదు. ఈ ఇంట్లో రెండేళ్ళు, ఆ ఇంట్లో మూడేళ్ళు, ఇలా పరాయివాళ్ళ పంచన పెరిగిన పిల్ల. పురుడు పోయడానికి పుట్టిల్లు లేదు గనక, ఆ పుట్టిల్లు కూడా తనే అని ఎర్సీలియా ఎవరూ అడక్కుండానే నెత్తిన వేసుకుంది.

చారు దించాక రుచి చూడడానికి ఎర్సీలియా నాలుక పనికిరాదు. కడుపు మోసుకుంటూ టీగనే వచ్చి గరిటె అందుకునేది.

"ఉప్పు సరిపోయిందా పిల్లా?"

"అదిరింది అత్తయ్యా!"

"దీని మాట నమ్మకే అమ్మా," అనేవాడు రేమో, కోడి ఈకలు పీకుతూ. "మిల్లు కాంటీన్‌లో మాడిపోయిన కూర కూడా అదిరిందంటుంది ఇది."

"నువ్వు కాల్చిన రొట్టె కూడా అదిరిందన్నాను, మర్చిపోయావా? మొగుడు మనసు కష్టపెట్టకూడదని."

ఎర్సీలియా నవ్వేది. నవ్వితే నొప్పి పుట్టేది, అయినా నవ్వేది. నిజానికి ఆ జున్ను పెచ్చు వాసన టీగన్‌కి మొదటి రోజు నుంచీ పడదు. గరిటె దగ్గరికి రాగానే ఊపిరి బిగపట్టి మింగేది. ఆ మాట మొగుడితో కూడా అనలేదు. పరాయి ఇళ్ళలో పెరిగిన పిల్లలు పెట్టినది బాగుందనడం నడక కంటే ముందు నేర్చుకుంటారు.

చల్లారిన చారుని ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాల్లో పోసి, వెనక వరండాలో ఉన్న పెద్ద ఫ్రీజర్‌లో పేర్చేవారు. కోడి చారు, బార్లీ చారు, చిక్కుడు గింజల చారు. ఫ్రీజర్ నిండుతుంటే ఎర్సీలియా మొహం తేటపడేది. ఎందుకంత తాపత్రయమో రేమోకి తెలుసు, ఊళ్ళో పాతవాళ్ళకీ తెలుసు. రేమో పుట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందు ఆవిడకొక ఆడపిల్ల పుట్టింది, లూచీయా అని. ఆ ఏడు వరద వచ్చి దారులు మూసుకుపోయాయి. మొగుడు దారియో వరదలో చెరకు కాపాడుకునే పనిలో ఉన్నాడు. బాలింతకి వండిపెట్టే దిక్కు లేదు. ఎండు రొట్టె, పాలు లేని టీ. రొమ్ములు ఎండిపోయాయి. నెల తిరక్కుండా పిల్ల పోయింది. దారియో, పాదిరీ, నర్సు, చుట్టుపక్కల ఆడవాళ్ళు, అందరూ కూడబలుక్కున్నట్టు ఒకటే మాట చెప్పారు. పాల వల్ల కాదమ్మా, పిల్ల గుండె బలహీనం అని.

ఎర్సీలియా తలూపింది. నమ్మిందో లేదో ఎవరికీ చెప్పలేదు.

టీగన్‌కి నెలలు దగ్గర పడుతుండగా రేడియోలో తుఫాను కబురు వచ్చింది. ఈసారి తుఫానుకి ఎవరో బళ్ళో పంతులమ్మలాంటి మర్యాదైన పేరు పెట్టారు. పేరుకేం, ఇళ్ళ కప్పులు లేపుకుపోవడంలో అన్నిటిదీ ఒకటే తీరు. నిండు చూలాలినీ, మంచం పట్టిన మనిషినీ ముందుగానే పెద్దూరి ఆసుపత్రికి తరలించమన్నారు. రేమో మాత్రం ఇల్లు కనిపెట్టుకుని ఉంటానన్నాడు.

బండి ఎక్కే ముందు ఎర్సీలియా కర్ర పట్టుకుని వరండాలోకి నడిచింది. ఆ ప్రాంతంలో తుఫాను ముందు ఇల్లు వదిలి వెళ్ళే ప్రతివాళ్ళూ చేసే పనే. కప్పులో నీళ్ళు గడ్డకట్టించి, ఆ గడ్డ మీద ఒక నాణెం పెట్టి, ఫ్రీజర్‌లో ఉంచి వెళతారు. తిరిగొచ్చి చూస్తే నాణెం పైనే ఉందనుకోండి, కరెంటు పోయినా లోపలి సరుకు కరగలేదని అర్థం. అడుగుకి దిగి ఉంటే, అంతా కరిగి, కుళ్ళి, మళ్ళీ గడ్డకట్టిందని. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా చెప్పేది ఆ నాణెమే.

అందరూ చేతికందిన చిల్లర పెడతారు. ఎర్సీలియా నాణెం వేరు. ఓడ ఎక్కిస్తూ తల్లి అరచేతిలో పెట్టిన కంచు నాణెం, అప్పటికే చెల్లనిది. ఒక పక్క రాజు తల, ఇంకో పక్క పువ్వు మీద వాలిన తేనెటీగ. ఎప్పుడు పెట్టినా తేనెటీగ పైకే పెట్టేది.

"రాజు మొహాన్ని మంచులో బోర్లా పడుకోనీ," అనేది. "వాడి పుణ్యమా అని మా నాన్న యుద్ధానికి పోయి కాలు పోగొట్టుకొచ్చాడు. ఈగ ఒకరి జోలికి పోకుండా కష్టపడి బతికేది. అది పైకి చూడాలి."

రేమో చిన్నప్పటి నుంచి విన్న మాటే ఇది. కానీ కొడుకులు తల్లి మాటల్లో తమకి పనికొచ్చే ముక్కలే గుర్తుంచుకుంటారు.

తుఫాను వచ్చింది, పోయింది. దాని వెనకే నది పొంగింది. కోళ్ళ గూడు ఎగిరి ఎవరి తోటలోనో పడింది. చెరకంతా దువ్వినట్టు నేలకి వాలిపోయింది. దారి తెరిచాక, టీగన్‌ని పురుటికని ఆసుపత్రిలోనే ఉంచి, రేమో తల్లిని ఇంటికి తెచ్చుకున్నాడు. ఇంట్లో పోతానని ఆవిడ పట్టుబట్టింది.

బండి దిగీ దిగగానే, "ఫ్రీజర్ దగ్గరికి తీసుకుపోరా," అంది.

"ముందు పడుకోవే అమ్మా. చారెక్కడికీ పారిపోదు."

"తీసుకుపో అన్నానా!"

చక్రాల కుర్చీ వరండాలోకి తోశాడు. మూత తనే ఎత్తాడు. చల్లటి పొగ మొహానికి తగిలింది. డబ్బాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మధ్యలో కప్పు, కప్పులో మంచు గడ్డ, గడ్డ మీద నాణెం.

"చూశావా, పైనే ఉంది," అన్నాడు రేమో, ఆవిడ అడగకముందే. "జెనరేటర్ ఆగలేదు. ఒక్క చుక్క కూడా కరగలేదే."

నాణెం మీద నుంచి రాజు ఎర్సీలియా వంక చూస్తున్నాడు. మీసాలతో సహా.

ఆవిడ కొడుకు వంక చూసింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది, గడ్డం మాసి ఉంది. ఆ తుఫానులో ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా ఉన్నాడో ఏమో. జెనరేటర్‌కి కావలసింది పెట్రోలు. దారులు మూసుకుపోతే పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది? ఈ లెక్క ఆవిడకి అక్కడే, ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తెలిసిపోయిన దాన్ని ఆవిడ లోపలికి రానివ్వలేదు. గాలికి ఫ్రీజర్ ఊగి ఉంటుంది, నాణెం బోర్లా పడి ఉంటుంది అనుకుంది. మంచుకి అతుక్కున్న నాణెం బోర్లా ఎలా పడుతుందని ఒక్క మాట అనుకుంటే చాలు, అంతా కూలిపోతుంది. ఆ ఒక్క మాటా అనుకోలేదు. అడిగితే కొడుకు నిజం చెబుతాడు, అప్పుడు చారు ఉండదు. అడక్కపోతే ఉంటుంది.

"సరే, మూత వెయ్యి," అంది. "చలి బయటికి పోతోంది."

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు గానీ, అబద్ధాలాడి పురుడు పొయ్యమని ఏ పెద్దలూ అనలేదు. ఆ ఇంట్లో మాత్రం ముగ్గురూ అదే పని చేశారు.

టీగన్‌కి కడుపు కోసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. కోత పచ్చిగా ఉండగానే, అత్తయ్య ఉండగా పిల్లని చూడాలని తొందరపడి ఇంటికొచ్చేసింది. పిల్లని తెచ్చి ఎర్సీలియా పక్కలో పడుకోబెట్టారు. ఆవిడ దాని పాదం అరచేతిలోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు.

"లూచీయా అని పెడదామా అత్తయ్యా?" అంది టీగన్.

"వద్దు," అంది ఎర్సీలియా. "దాని పేరు దానికి ఉండనీ. దీనికి కొత్తది వెతుక్కోండి."

తర్వాత అడిగింది, "చారు తాగుతున్నావా?"

టీగన్ మొగుడి వంక చూసింది. "తాగుతున్నానత్తయ్యా. పొద్దునే తాగాను."

ఇది రెండో అబద్ధం. కోత మానేదాకా కొవ్వున్న చారేదీ తాగొద్దని డాక్టరు చెప్పాడని రేమో ఆమెతో అన్నాడు. ఏ డాక్టరూ ఆ మాట అనలేదు. అమ్మకి మాత్రం తాగుతున్నానని చెప్పు, లేకపోతే బెంగపెట్టుకుంటుంది అన్నాడు. అసలు సంగతి పెళ్ళానికి చెప్పలేదు. టీగన్ నోట్లో నువ్వు గింజ నానదు. ఎదుటివాళ్ళని సంతోషపెట్టే అబద్ధమైతే చక్కగా ఆడుతుంది గానీ, రహస్యం మోయమంటే మొహం మీద రాసుకుని తిరుగుతుంది. అమ్మ పోయేదాకా డబ్బాలు అలాగే ఉంచి, తర్వాత పారబోద్దామని రేమో లెక్క. ఆ లెక్కలో అతనికి తప్పేమీ కనపడలేదు. బతికినన్నాళ్ళు ఒక్క చారు కుండ కోసం ఆరాటపడిన తల్లికి, చచ్చే ముందు అది కుళ్ళిందని ఏ కొడుకు చెబుతాడు?

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. "తాగావా?" "తాగానత్తయ్యా, అదిరింది." ఎర్సీలియా తలూపేది. తలూపుతూనే చెవులు రిక్కించేది. పక్కగదిలో పిల్ల ఏడుస్తోంది. రొమ్ము దగ్గర ఏడుపు, రొమ్ము వదిలాక ఏడుపు. కడుపు నిండని పిల్ల ఏడుపు ఎలా ఉంటుందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. డబ్బా పాలున్నాయి, నర్సు వచ్చి చూసిపోతోంది, ఈ కాలంలో తల్లికి పాలు పడనంత మాత్రాన ఏ పిల్లా చావదు. ఆ సంగతి ఆవిడ తలకి తెలుసు, చెవులకి తెలియదు. రోజూ చారు తాగుతుంటే పాలెందుకు పడవు? లేక తాగుతున్నది కుళ్ళిన చారా? లేక తాగడమే లేదా? మూడింటిలో ఏదో ఒకటి నిజం. అడగడానికి నోరు రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అడగలేదు.

ఒక రోజు మధ్యాహ్నం రేమో పడిపోయిన చెరకు చూసుకోవడానికి పోయాడు. కాసేపటికి టీగన్ తలుపు మోచేత్తో తోసుకుని వచ్చింది. ఒక చేతిలో గిన్నె, ఒక చేతిలో చెంచా. గిన్నెలోంచి పలచగా ఆవిరి లేస్తోంది.

"ఇవాళ మీ ఎదురుగానే తాగుతానత్తయ్యా," అంది కుర్చీ లాక్కుని. "మీరు కళ్ళారా చూడాలి."

ఎర్సీలియా దిండు మీద కొంచెం లేచింది. "ఏ చారు?"

"కోడిదే. బ్రోదో." టీగన్ తల వంచుకుంది. "మీకొకటి చెప్పాలి. తిట్టకండి. ఇన్నాళ్ళూ నేను తాగలేదు. డాక్టరు వద్దన్నాడట, రేమో చెప్పాడు. మీతో తాగాననమన్నాడు, అన్నాను. రోజూ మీ కళ్ళలోకి చూసి అబద్ధమాడుతుంటే నాకు అన్నం సయించడం లేదు. దానికి పాలు చాలడం లేదత్తయ్యా. మీరు చెబుతూనే ఉన్నారు కదా, బ్రోదో తాగితే పాలు పడతాయని. డాక్టరుకేం తెలుసు, ఆయనేమన్నా కన్నాడా?"

చెంచా గిన్నెలో ముంచింది. వాసనకి ముక్కు ముడుచుకుంది, వెంటనే సర్దుకుని నవ్వింది. ఆ చారు ఎప్పుడూ ఏదోలాగే వాసన వేసేది. ఇవాళ ఇంకాస్త పులిసినట్టుంది, అంతే. వాళ్ళ జున్ను పెచ్చు మహిమ అనుకుంది. వాసన పట్టగల ముక్కుకి అది చెడు వాసనని తెలియదు, తెలిసిన ముక్కుకి వాసన రాదు. ఆ గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు.

ఎర్సీలియా చెంచా వంక చూసింది. కొవ్వు చుక్కలు బంగారు రంగులో మెరుస్తున్నాయి. ఎంత బాగా వచ్చింది! తాగనీ అనిపించింది. ఒక్క గుటక. ఒక బాలింత తన చేతి చారు తాగుతుంటే చూడాలని యాభై ఏళ్ళుగా కాచుకుని ఉన్న మనిషి. బాగానే ఉందేమో, ఎవరు చూశారు? చెంచా లేచింది. పెదవుల దాకా వచ్చింది. అంతసేపూ ఎర్సీలియా నోరు విప్పలేదు. ఆ కాస్త సేపు ఆవిడ నిజంగా చూస్తూ ఊరుకుంది. అది జరిగింది.

పక్కగదిలో పిల్ల ఏడ్చింది.

ఎర్సీలియా చెయ్యి విసిరింది. చెంచా ఎగిరిపోయింది. రెండోసారి విసిరితే గిన్నె టీగన్ ఒళ్ళోంచి నేల మీద పడి బద్దలైంది. చారు మంచం కోళ్ళ కిందికి పారింది.

"అత్తయ్యా!"

"మింగావా? నోట్లోకి పోయిందా?"

"లేదు... ఏమైందత్తయ్యా? అబద్ధమాడినందుకా?"

"ఊసెయ్. నోరు కడుక్కో. పో ముందు!" ఎర్సీలియా దిండు మీదికి ఒరిగిపోయింది. "రాజు పైకి ఉన్నాడే పిల్లా. నేను పెట్టింది ఈగని. రాజు పైకి ఉన్నాడు. మొదటి రోజే చూశాను. చూసి మూత వెయ్యమన్నాను."

టీగన్‌కి ఏమీ అర్థం కాలేదు. మొగుడు వచ్చేదాకా ఆ ముక్కల మధ్యే కూర్చుంది. రేమో గుమ్మంలో ఆగి నేల చూశాడు, తల్లిని చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు. చేతిలో టోపీ కిందపడింది.

"తాగిందా?" అన్నాడు.

"తాగలేదు," అంది ఎర్సీలియా. "ఎన్నాళ్ళు కరెంటు లేదురా?"

"వారం అమ్మా. పెట్రోలు రెండో రోజుకే అయిపోయింది. పక్కవాళ్ళ దగ్గరికి ఈదుకుంటూ పోయాను, వాళ్ళకీ లేదు. మూత తీసి చూస్తే అప్పటికే..." వంగి టోపీ తీసుకున్నాడు. "నువ్వు ఉన్నన్నాళ్ళూ తెలియకూడదనుకున్నాను. కప్పు కరిగించి మళ్ళీ గడ్డకట్టించి నాణెం పైన పెట్టాను. నీ మనసు కష్టపెట్టలేక చేశానే."

"నన్ను కష్టపెట్టలేక నీ పెళ్ళాన్ని చంపేవాడివి."

"నాకు చెప్పొచ్చు కదా!" టీగన్ అరిచింది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత లేవడం అదే మొదలు. "నాకెందుకు చెప్పలేదు? నేను పారబోయవలసిన డబ్బాని తీసి వేడిచేసుకున్నాను. పిల్లకి పాలిచ్చేదాన్ని!"

రేమో నేల మీది గిన్నె ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

"వాణ్ణి ఒక్కణ్ణే అనకు," అంది ఎర్సీలియా. "నేనూ చూసి నోరు మూసుకున్నాను. ఇందాక నువ్వు చెంచా ఎత్తితే కూడా మూసుకునే ఉన్నాను." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "నా పిల్ల పోయినప్పుడు అందరూ నాకు మంచి మాటే చెప్పారు. గుండె బలహీనం అన్నారు. నా మనసు కష్టపెట్టకూడదని. నువ్వు తినక, నీకు పాలు లేక పోయిందే అని ఒక్కళ్ళు మొహం మీద చెప్పి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. చెప్పలేదు. ఇప్పటికీ అదే ఆలోచిస్తున్నాను. నిజంగా గుండేనేమో, పాలేనేమో. ఎవరినడగను? చెప్పినవాళ్ళంతా చచ్చారు."

పిల్ల ఏడుస్తూనే ఉంది. చివరికి టీగన్ లేచి వెళ్ళి డబ్బా పాలు కలిపి పట్టింది.

మర్నాడు రేమో చెరకు మడి చివర ట్రాక్టరుతో గుంట తవ్వాడు. తనని అక్కడికి తీసుకుపొమ్మంది ఎర్సీలియా. వద్దన్నా వినలేదు. చక్రాల కుర్చీ బురదలో దిగబడుతుంటే టీగన్ గొడుగు పట్టింది. డబ్బా మీద డబ్బా బోర్లిస్తుంటే గడ్డలు రాళ్ళలా దొర్లాయి. ఎండ తగిలి అంచులు కరగగానే కంపు లేచింది. రేమో ముక్కుకి గుడ్డ కట్టుకున్నాడు. టీగన్ ఒక పక్కకి పోయి వాంతి చేసుకుంది. ఎర్సీలియాకి మాత్రం ఏ వాసనా రాలేదు. తన చేతి వంటంతా ఒక్కొక్కటిగా గుంటలో పడుతుంటే కళ్ళార్పకుండా చూసింది. ఆఖరి డబ్బా పడ్డాక ఏడ్చింది. చప్పుడు లేకుండా, చిన్నపిల్లలా ముక్కు తుడుచుకుంటూ ఏడ్చింది. ఇంక వండడానికి ఒంట్లో ఓపిక లేదు, వండుతానన్నా రోజులు లేవు.

సున్నం చల్లి గుంట పూడ్చారు. తిరిగి వస్తుంటే పెరట్లో ఒక పెట్ట కనిపించింది. కోళ్ళ గూడు ఎగిరిపోగా బతికి బట్టకట్టింది అదొక్కటే. ఈకలు సగం ఊడి, ఒక కన్ను పోయి, ట్రాక్టరు నీడలో గింజలేరుకుంటోంది.

"గుడ్లు పెడుతోందా అది?" అంది ఎర్సీలియా.

"ఎక్కడ పెడుతుందే అమ్మా, ప్రాణాలతో ఉండడమే గొప్ప."

"అయితే పట్టు."

పొయ్యి దగ్గరికి కుర్చీ తోయించుకుని కూర్చుంది. కోసింది రేమో, కడిగింది రేమో, కారెట్టు తరిగింది రేమో. అతను పొయ్యి ముందు నిలబడడం అదే మొదలు. నురగ తియ్యరా, మంట తగ్గించరా, అది కుతకుత ఉడకకూడదురా, గొణగాలి అంతే, అంటూ ఎర్సీలియా మాట్లాడుతూనే ఉంది. మధ్యలో నొప్పి వచ్చి కళ్ళు మూసుకునేది. అప్పుడు రేమో తనకి తోచింది చేసేవాడు. ఉప్పు అలాగే రెండుసార్లు పడింది.

సాయంత్రానికి ఒక గిన్నె చారు తేలింది. రంగు బాగాలేదు. రేమో గరిటెతో పోసి పెళ్ళానికి అందించాడు. టీగన్ పిల్లని భుజాన వేసుకుని నిలబడే ఒక చెంచా నోట్లో పోసుకుంది.

"ఎలా ఉంది పిల్లా?"

"అది..." అని టీగన్ ఆగిపోయింది. మొగుడి వంక చూసింది, ఈసారి అతను తల తిప్పుకున్నాడు. చెంచా గిన్నెలో పెట్టేసింది. "బాగాలేదు అత్తయ్యా. ఉప్పు కషాయంలా ఉంది."

రేమో చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఇంకోటి కూడా చెప్పేస్తాను," అంది టీగన్. మొహం ఎర్రబడింది. "ఆ జున్ను పెచ్చు వాసన నాకు పడదు. తడిసిన మేజోళ్ళ కంపు. మొదట్నుంచీ పడదు. ఒక్కసారి కూడా బాగున్నట్టనిపించలేదు."

ఎర్సీలియా కోడలిని ఎగాదిగా చూసింది. "మొదట్నుంచీనా?"

"మొదట్నుంచీ."

"మరి నిన్న ఎలా తాగబోయావే?"

"ఎప్పటి కంపే అనుకున్నానత్తయ్యా."

ఎర్సీలియా కొడుకు వైపు తిరిగింది. "ఆ పెచ్చు తీసి అవతల పారెయ్. నీళ్ళు పోసి మళ్ళీ మరిగించు."

మరిగాక టీగన్ కుర్చీలో కూర్చుని తాగింది. ఈసారి ఊపిరి బిగపట్టలేదు. కోడలి గొంతు దగ్గర గుటక కదులుతుంటే ఎర్సీలియా దాన్నే చూస్తోంది. ఆ వారం దాటని మనిషి. దాటనని ఆవిడకీ తెలుసు.

"పాలు పడతాయంటావా?" అంది.

టీగన్ ఒళ్ళో పిల్లని చూసుకుంది.

"తెలీదత్తయ్యా. ఇప్పటికైతే చాలడం లేదు. పడకపోవచ్చు కూడా."

"పడకపోతే?"

"డబ్బా పాలు పడతాను. బతుకుతుంది."

ఎర్సీలియా కళ్ళు మూసుకుంది. రేమో భయపడి దగ్గరికి వచ్చాడు. ఆవిడ కళ్ళు తెరవకుండానే చెయ్యి ఎత్తి కోడలి గిన్నె వైపు చూపించింది.

"ఇంకో గరిటె పొయ్యరా దానికి," అంది.